నాయన ఫియట్ బోరుకొచ్చింది

"ఇరవై రెండు వేలు. ఊ అంటే ఈ సాయంత్రమే బండి తెచ్చుకుని ఎత్తకపోతాం."

పాత ఇనుము వ్యాపారి మా పశువుల కొట్టం ముందు నిలబడి అన్న మాట ఇది. కొట్టంలో ఇప్పుడు పశువుల్లేవు. 1978లో రిజిస్టరైన ప్రీమియర్ పద్మిని ఉంది. మా ఊళ్లో దాన్ని పద్మిని అనేవాళ్లు ఎవరూ లేరు, అందరికీ అది ఫియట్టే. తాత కొన్నాడు, ఆయన తర్వాత నాయన నడిపాడు. నాలుగేళ్లుగా కదల్లేదు. నేను నాయన వైపు చూశాను. అవుననలేదు, కాదనలేదు. లోపలికెళ్లి వ్యాపారికి మజ్జిగ తెచ్చిచ్చాడు. మా ఇంట్లో 'కుదరదు' అని చెప్పే పద్ధతి అదే.

మాది ఇందుకూరుపేట మండలం. మైపాడు బీచికి పోయే రోడ్డు మీద నుంచి లోపలికి తిరగాలి. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. పేరులో ఇంజనీర్ ఉందిగానీ, బీటెక్ మొదటి ఏడాది వర్క్‌షాపు ల్యాబులో ఆకురాయితో చదరంగా అరగదీయమని ఇచ్చిన ఇనుప ముక్క ఈ రోజుకీ చదరం కాలేదు. అలాంటివాణ్ని, ఆ మజ్జిగ గ్లాసు చూసి ఇంజన్ దించుదామని తీర్మానించేశాను. మూడు నెలలు పట్టింది. డెబ్బై వేలు దాటింది. ఎక్కడెక్కడ ఎంతైందో, అందులో నా తెలివితక్కువకి ఎంత పోయిందో దాచకుండా రాస్తున్నా. ఇంట్లో ఇలాంటి పాత బండి ఉన్నవాళ్లకి పనికొస్తుంది.

ఉప్పునీళ్లు చేసిన పని

బండి ఆగిపోయే ముందు రోగాలన్నీ చూపించింది. సైలెన్సర్లోంచి నీలం పొగ, అంటే ఆయిల్ కాలుతోందని. ఎత్తు ఎక్కితే ఆయాసం. రేడియేటర్ మూత తీస్తే బుడగలు. చివరికి ఒక రోజు నెల్లూరు నుంచి వస్తూ వస్తూ దారిలోనే ఆవిరి కక్కి ఆగిపోయింది. 'ఇంజన్ బోరుకొచ్చింది' అని ఊళ్లో అందరూ ఒకే మాట అన్నారు. సిలిండర్ల లోపలి గోడలు అరిగి, మళ్లీ కోసి గుండ్రం చేయాల్సిన స్థితికొచ్చిందని దానర్థం. కానీ మా బండి అసలు జబ్బు బోరు కాదు, నీళ్లు. అది తర్వాత తెలిసింది.

ఈ ఇంజన్ గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఇటలీ ఫియట్ 1100 కారుని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు తయారుచేశారు. 1974 నుంచి దాని పేరు ప్రీమియర్ పద్మిని. నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 68 మిల్లీమీటర్ల వెడల్పు, పిస్టన్ కదిలే దూరం 75 మిల్లీమీటర్లు, మొత్తం 1089 సీసీ. కింద బ్లాకు పోత ఇనుము, పైన హెడ్డు అల్యూమినియం. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి.

మా వైపు సముద్రం దగ్గర. బోరు వేస్తే ఉప్పగా వస్తుంది. చుట్టూ రొయ్యల గుంటలు. తాగడానికి క్యాన్లు కొనుక్కుంటాంగానీ, రేడియేటర్లో పోయడానికి క్యాన్ నీళ్లు ఎవరు కొంటారు? తాత పోసింది, నాయన పోసింది, చేతి పంపు నీళ్లే. ఇంటర్ కెమిస్ట్రీలో చదివాం కదా, రెండు వేరువేరు లోహాలు, మధ్యలో ఉప్పునీళ్లు ఉంటే అది బ్యాటరీ అవుతుందని. అందులో ఇనుము నిలబడుతుంది, అల్యూమినియం కరుగుతుంది. మా కారు బానెట్ కింద ఆ బ్యాటరీ దశాబ్దాల పాటు పనిచేసింది. హెడ్డు విప్పి తిరగేస్తే నీళ్ల రంధ్రాల అంచులు చెదలు తిన్న తలుపులా ఉన్నాయి. రెండో సిలిండర్‌కీ మూడో సిలిండర్‌కీ మధ్య గ్యాస్కెట్ కూర్చునే చోట వేలుగోరంత గుంట. బ్లాకు లోపల నీళ్లు తిరిగే సందుల్లో ఎర్రటి మడ్డి. స్క్రూడ్రైవర్‌తో కెలికితే పిడికెళ్ల కొద్దీ వచ్చింది.

"యాడ నుంచి తెచ్చారు సార్ ఈ ఇంజన్, సముద్రంలోంచా?" అన్నాడు మేస్త్రి.

కొలవకుండా కొన్న పిస్టన్లు

మేస్త్రి షాపు నెల్లూరులో. బయట బోర్డు మీద లేత్ వర్క్స్ అనుంటుంది. లోపల ఒక లేత్ మిషను, ఒక బోరింగ్ బార్, హోనింగ్ మిషను, హైడ్రాలిక్ ప్రెస్సు, మూల గోడకి ఆనించిన క్రాంక్ షాఫ్టులు. ఎక్కువగా వచ్చేది ట్రాక్టర్ ఇంజన్లు, రొయ్యల గుంటల జనరేటర్లు, అప్పుడప్పుడూ పడవ ఇంజన్. మా ఫియట్ బ్లాకు బల్ల మీద పెడితే, ట్రాక్టర్ బ్లాకు పక్కన అది మేకపిల్లలా కనిపించింది.

నేను చాలా సిద్ధమై వెళ్లాననుకున్నా. వీడియోలు చూశా, మాన్యువల్ డౌన్‌లోడ్ చేశా, ఎక్సెల్ షీటు తయారుచేశా. అంతటితో ఆగలేదు. పిస్టన్లు దొరకడం కష్టమని ఎవరో రాస్తే భయపడి, అర మిల్లీమీటరు ఓవర్‌సైజు సెట్టు ఒకటి ఆన్‌లైన్‌లో ముందే కొనేశా. 6,800 రూపాయలు. బోరు అరిగుంటుంది, కాస్త పెద్దగా కోస్తారు, ఈ పిస్టన్లు సరిపోతాయి. లెక్క సరిగ్గానే ఉందిగా?

మేస్త్రి డబ్బా వైపు చూశాడు, నా వైపు చూశాడు. "కొలతలు తీశారా?" అన్నాడు. లేదన్నాను. "చెప్పులు ముందు కొనుక్కోని, వాటికి కాలు కోసుకునేట్టుండాదే మీ యవ్వారం" అన్నాడు.

డయల్ గేజి సిలిండర్లోకి దించి తిప్పాడు. సిలిండర్ ఎప్పుడూ సమానంగా అరగదు. పిస్టన్ పైకొచ్చి ఆగే చోట, అంటే మంట పుట్టే చోట, ఎక్కువ అరుగుతుంది. కిందికి పోయేకొద్దీ తక్కువ. పిస్టన్ ఒక పక్కకి ఒరుసుకుంటుంది కాబట్టి గుండ్రంగా కూడా ఉండదు, కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. అందుకే ఒక్కో సిలిండర్లో పైన, మధ్యన, కింద, అటూ ఇటూ కలిపి ఆరు కొలతలు. మూడో సిలిండర్ పైభాగం దగ్గర సూది ఆగిన చోటు చూసి మేస్త్రి నాలుక చప్పరించాడు. 69.1 మిల్లీమీటర్లు. ఫ్యాక్టరీ కొలత 68. అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్ అందులో వేస్తే, గిన్నెలో గరిటెలా గలగలలాడుతుంది. ఇంత అరుగుడు ఒక్క జన్మలో రాదు, ఇది ఇదివరకే బోరింగ్ అయిన ఇంజన్.

మా వెనకాల స్టూలు మీద కూర్చున్న నాయన అప్పుడు నోరు విప్పాడు. "రెండు సార్లయింది. తాత ఉన్నప్పుడు ఒకసారి, నువ్వు బళ్లో చేరిన ఏడు ఒకసారి."

"ముందే చెప్పొచ్చు కదా నాయనా!"

"అడిగితే కదరా చెప్పేది."

మూడు వారాలు ఇంటర్నెట్‌లో వెతికాను. పక్క గదిలో ఉన్న మనిషిని ఒక్క ముక్క అడగలేదు. ఆ 6,800 రూపాయల డబ్బా ఇప్పటికీ బెంగళూరులో నా బీరువా మీద ఉంది. ఎవరికైనా కావాలంటే చెప్పండి.

మరి దారేంటి? ఇంకా పెద్దగా కోస్తే గోడ పల్చబడి నీళ్ల వైపు చిల్లు పడొచ్చు. మా సందుల్లో తుప్పు ఎంత తిన్నదో చూశాం కాబట్టి ఆ సాహసం చేయలేం. మిగిలింది స్లీవులు. సిలిండర్‌ని పెద్దగా కోసి, కొత్త ఇనుప గొట్టాన్ని ప్రెస్సుతో బిగించి, ఆ గొట్టాన్ని మళ్లీ లోపల 68కి బోరు చేసి హోనింగ్ చేయడం. స్లీవు బయటి కొలత రంధ్రం కన్నా కొద్దిగా ఎక్కువే ఉండాలి, ఆ బిగువుతోనే అది జన్మంతా కదలకుండా కూర్చుంటుంది. తక్కువైతే జారుతుంది, ఎక్కువైతే బ్లాకు పగులుతుంది. నా ఉద్యోగంలో తప్పు చేస్తే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లిపోతాం. ఇనుము ఒకసారి కోశాక వెనక్కి రాదు. మొదటి సిలిండర్ మీద బోరింగ్ బార్ దిగుతున్నప్పుడు నాకు చేతులు చల్లబడ్డాయి. మేస్త్రి మాత్రం టీ తాగుతూ శబ్దం విన్నాడు. చూడలేదు, విన్నాడు.

స్లీవులు నాలుగూ 2,600. బోరింగు, ప్రెస్సింగు, హోనింగు కలిపి సిలిండర్‌కి 700 చొప్పున 2,800. హోనింగు రాళ్లు గోడ మీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు పెడతాయి. నున్నగా మెరిసిపోవాలి కదా అనుకుంటాం, కాదు, ఆ గీతల్లోనే ఆయిల్ నిలుస్తుంది. అద్దంలా నున్నగా ఉంటే రింగులు గోడకి కుదురుకోవు, మళ్లీ నీలం పొగే.

స్టాండర్డ్ సైజు పిస్టన్ల కోసం చెన్నై వెళ్లాం. నెల్లూరు వాళ్లకి చెన్నై పక్కిల్లు లాంటిదే, పొద్దున రైలెక్కితే రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు. జీపీ రోడ్డులో పాత స్పేర్ పార్ట్స్ షాపులున్నాయి. పిస్టన్లు, రింగులు, పిన్నులు కలిపి 7,200. ఈసారి మేస్త్రి మైక్రోమీటర్ సంచిలో పెట్టిచ్చి, ప్రతి పిస్టన్నూ కొలిచి తెమ్మన్నాడు. ముంబైలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబర్‌తో రోడ్డు దిగిపోయింది. సామాన్లకి ఇన్నాళ్లూ గిరాకీ నిలబెట్టింది ఆ టాక్సీలేనని, ఇక ముందు కష్టమేనని షాపాయన అన్నాడు. అందుకని నాయన రెండు గ్యాస్కెట్ సెట్లు ఎక్కువ కొన్నాడు. అవి నా లెక్కలోకి రావు, ఆయన డబ్బు.

హెడ్డు బతికిన రోజు

వర్క్‌షాపులో వెనకవైపు పెద్ద డ్రమ్ములో కాస్టిక్ సోడా నీళ్లు మరుగుతుంటాయి. బ్లాకుని అందులో ముంచితే ఏళ్ల నాటి జిడ్డు, మడ్డి వదిలిపోతాయి. మా బ్లాకు ఒక రాత్రంతా ఉడికింది. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి పనికుర్రాడు హెడ్డుకి తీగ కట్టి, అదే డ్రమ్ములోకి దించబోతున్నాడు. మేస్త్రి లేత్ దగ్గర నుంచి అరిచిన అరుపుకి వీధిలో వాళ్లు తిరిగి చూశారు. కాస్టిక్ ఇనుమునేమీ చేయదుగానీ అల్యూమినియాన్ని తినేస్తుంది. ఇంకో పది క్షణాలైతే ఉప్పు మిగిల్చిన హెడ్డుని సోడా ముగించేది. మీరు అల్యూమినియం హెడ్డున్న ఇంజన్ని ఎక్కడ ఇచ్చినా, హెడ్డు విడిగా ఉంచి, దీన్ని కాస్టిక్‌లో వేయొద్దని నోటితో చెప్పండి. మేం కిరోసిన్‌తో, బ్రష్షుతో కడిగాం.

హెడ్డు పనికొస్తుందా రాదా అన్నదే అసలు పరీక్ష. అది పోతే ఇంజన్ పోయినట్టే. నీళ్ల రంధ్రాలన్నీ రబ్బరు, పలకలు పెట్టి మూసి, లోపలికి గాలి ఎక్కించి, నీళ్ల తొట్టిలో ముంచారు. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే. నాయనా నేనూ తొట్టి మీదికి వంగి చూస్తున్నాం. బుడగ రాలేదు. పగుళ్లు లేవు, తిన్న అంచులు మాత్రమే. 'వెల్డింగ్ చేయొచ్చు' అన్నాడు మేస్త్రి.

అంతకుముందే, అనుమానంతో పుదుపేటలో ఇంకో హెడ్డు చూసొచ్చాం. చెన్నైలో పాత బండ్లు విప్పి అమ్మే పేట అది. 9,000 చెప్పారు. చూడ్డానికి మాదానికన్నా శుభ్రంగా ఉంది. వెర్నియర్ పెట్టి మందం కొలిస్తే మాదానికన్నా మిల్లీమీటరున్నర తక్కువ. ఎన్నిసార్లు ఫేసింగ్ చేశారో ఏమో. హెడ్డుని అలా అరగదీసిన కొద్దీ మంట మండే గది చిన్నదై కంప్రెషన్ పెరుగుతుంది, ఇంజన్ కొట్టుకుంటుంది. మెరుపు చూసి తెచ్చుకునుంటే తొమ్మిది వేలూ గంగలో పోసినట్టే.

ఆర్గాన్ వెల్డింగ్ 2,500. హెడ్డుని నెమ్మదిగా వేడిచేసి, తినేసిన చోటల్లా కొత్త అల్యూమినియం నింపారు. తర్వాత ఫేసింగ్ 900, మూడు వంతుల్లో ఒక వంతు మిల్లీమీటరు లేచింది. ఎనిమిది వాల్వు సీట్లు కొత్తవి వేసి కోయడానికి 2,000, గైడ్లకి 1,600. సీట్లు గట్టి రకమే వేయించాం. ఈ ఇంజన్ పుట్టినప్పుడు పెట్రోల్లో సీసం ఉండేది, వాల్వు సీట్లు త్వరగా అరక్కుండా అదే కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. ఇప్పుడు దానికి తోడు ఇరవై శాతం ఇథనాల్. పాత రబ్బరు పైపులూ, కార్బురేటర్ డయాఫ్రమూ దానికి తట్టుకోవు, అందుకని అవీ మార్చాం. 2,200.

క్రాంక్ షాఫ్ట్ విషయం పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. ఇదివరకే పది తౌ తగ్గించి ఉంది, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పది. ఇప్పుడు ఇరవైకి గ్రైండింగ్ చేశారు, 2,400. ఒక్క జాగ్రత్త. జర్నల్ అంచున, గోడని కలిసే మూలలో చిన్న గుండ్రటి వంపు ఉంటుంది. గ్రైండింగ్‌లో దాన్ని పదునైన మూలగా కోసేస్తే కొన్నాళ్లకి క్రాంక్ సరిగ్గా అక్కడే విరుగుతుంది. పని అయ్యాక ఆ మూల మీద గోరు పెట్టి చూడండి. బ్యాలెన్సింగ్ కూడా చేయించమని ఇద్దరు ముగ్గురు స్నేహితులు సలహా ఇచ్చారు. రేసుకి పోయే బండి కాదిది, మైపాడు దాకా పోయే బండి. ఆ డబ్బు రేడియేటర్ మీద పెట్టాను.

మొత్తం ఎంతైంది?

మిషను పని వరకు, కడగడం 800, బ్లాకు ఫేసింగ్ 800, కనెక్టింగ్ రాడ్ల బుష్షులు, వంకర సరిచూడ్డం 1,200 కూడా కలుపుకుంటే 17,600. ఇంత గొడవా 17,600కేనా అని నాకే ఆశ్చర్యమేసింది. సామాన్లు దానికన్నా ఎక్కువ. పిస్టన్లు, బేరింగులు, వాల్వులు, గ్యాస్కెట్లు, ఆయిల్ పంపు, టైమింగ్ చైను, వాటర్ పంపు అన్నీ కలిసి 20,900. రేడియేటర్ కోరు మార్పించడం, కార్బురేటర్, ఆయిలు, కూలెంటు 9,400. ఇంజన్ దించి, కట్టి, ఎక్కించిన మెకానిక్ కూలి 12,000. చెన్నై ప్రయాణాలూ, ఆటో కిరాయిలూ 4,600. నా తెలివి 6,800. వెరసి 71,300.

"దీనికన్నా మారుతీ ఓమ్ని ఇంజన్ పెట్టించుంటే సగంలో అయ్యేది కదా" అని మా బావ అన్నాడు. నిజమే, చాలామంది పెట్టించుకున్నారు. కానీ 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. మాది 2028కి యాభై నిండుతుంది. వేరే ఇంజన్ పెడితే ఆ తలుపు మూసుకుపోయినట్టే. అయితే ఆ రిజిస్ట్రేషన్‌కి 20,000 కట్టాలి, పైగా అలా నమోదైన బండిని రోజువారీ వాడకానికి రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ మాత్రమే. ఈ ముక్క చదివి వినిపిస్తే నాయన, "సంతకి పోకూడని కారు నాకెందుకురా?" అన్నాడు. కాబట్టి మామూలు రిజిస్ట్రేషనే కొనసాగించాలి. దాని ఫీజు 2022 ఏప్రిల్లో 600 నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 2025లో 10,000 చేశారు. ఈ పది వేలు పై లెక్కలో లేవు.

పని అయిపోయాక మేస్త్రికి డబ్బిచ్చేటప్పుడు, ఇలాంటి పనులు ఇంకా వస్తుంటాయా అని అడిగాను. "ఫియట్ బ్లాకు చూసి ఏళ్లయింది అబ్బయ్యా. కొత్త కార్లు బోరుకి రావు, వస్తే ఇంజన్నే మార్చేస్తారు. ట్రాక్టర్లు ఉండబట్టి నడస్తా ఉండాది." కొడుకు కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగం చేస్తున్నాడట. బోరింగ్ బార్ మీద గుడ్డ కప్పుతూ ఆ మాట చెప్పాడు. నేను ఇంకేమీ అడగలేదు.

ఇంజన్ స్టార్ట్ చేసిన రోజు అమ్మ కూడా కొట్టం దగ్గరికొచ్చింది. మొదట స్పార్కు ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా ఉత్తినే తిప్పాం. తర్వాత ప్లగ్గులు పెట్టి తాళం తిప్పితే, రెండోసారికి అందుకుంది. పొగ రాలేదు. నాయన బానెట్ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. వణుకు చూస్తున్నాడేమో అనుకున్నా.

కొత్త రింగులు కుదురుకునేదాకా వెయ్యి కిలోమీటర్లు అరవై దాటొద్దని మెకానిక్ చెప్పాడు. అయిదు వందలకి హెడ్డు బోల్టులు మళ్లీ బిగించాలి. నాయన స్టీరింగ్ పక్క గేరు వేసుకుంటూ యాభై మీదే నడుపుతున్నాడు. పోయిన ఆదివారం మైపాడు వెళ్లాం. బీచి దగ్గర టీకొట్టాయన పాత పరిచయస్తుడు. బండిని చూసి సంబరపడి, రేడియేటర్లో పోయడానికి చెంబుతో నీళ్లు తెచ్చాడు. నాయన చెంబందుకుని, ముఖం కడుక్కుని, ఖాళీ చెంబు తిరిగిచ్చేశాడు. డిక్కీలో కూలెంట్ క్యాను ఉంది.

అయిదు వందలకి ఇంకా నూట పన్నెండు కిలోమీటర్లున్నాయి.